నవల డ్రాఫ్ట్ పూర్తయింది, ఎడిటర్ లేరు, దిద్దుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

తొంభై వేల పదాలు రాశానని, ఎడిటర్‌కి ఇచ్చుకునే స్తోమత లేదని, సొంతంగా ఎలా దిద్దుకోవాలో చెప్పమని అడిగారు. మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. నా నవలని నేనే మూడుసార్లు దిద్దుకున్నాను. మొదటిసారి చేసిన తప్పు ముందు చెప్తాను.

మొదటి అధ్యాయం వాక్యాలు చెక్కుతూ నాలుగు నెలలు కూర్చున్నాను. తీరా మొత్తం చదివితే కథ మూడో అధ్యాయంలో గానీ మొదలవట్లేదు, ముందు రెండూ తీసేయాల్సి వచ్చింది. అందుకని వాక్యాల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఓ నెలన్నర డ్రాఫ్ట్ ముట్టుకోకుండా ఉండి, తర్వాత ప్రింట్ తీసి, చేతిలో పెన్ను లేకుండా రెండు మూడు రోజుల్లో చదివేయండి. అయ్యాక నోట్‌బుక్‌లో అధ్యాయానికి ఒక్క లైను: ఇందులో ఏం మారింది? రాయడానికేమీ దొరక్కపోతే ఆ అధ్యాయం తీసేయాలి, లేదా పక్కదాంట్లో కలిపేయాలి. నాకు అలాంటివి ఐదు తేలాయి.

అదే నోట్‌బుక్‌లో సంవత్సరాలు, వయసులు కూడా వేసుకోండి, మన సరిహద్దు ఊళ్ళ కథలకి ఇది మరీ అవసరం. నా కథలో కొత్త పెళ్ళికూతురు 2007లో నౌపడలో చిన్నరైలు ఎక్కి గుణుపూర్ వెళ్తుంది, ఆ సీనంటే నాకు ప్రాణం. కానీ ఆ నేరోగేజ్ బండి 2004లోనే ఆగిపోయింది, బ్రాడ్‌గేజ్ మీద గుణుపూర్ దాకా మళ్ళీ నడిచింది 2011లో. పెళ్ళే వెనక్కి జరిపాను, దాంతో కొడుకు వయసు మారి ఇంకో నాలుగు అధ్యాయాలు కదిలాయి. 1985 నాటి ఉత్తరం మీద గజపతి జిల్లా అని కూడా రాసేశాను, జిల్లా ఏర్పడిందే 1992లో, అప్పటికి మన ఊరు గంజాం జిల్లాలో ఉండేది.

ఇక అన్నిటికంటే నాకు పనికొచ్చింది పైకి చదవడం. మా మేనత్త ఒడియా మీడియంలో చదువుకుంది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒక అధ్యాయం వినిపించేవాణ్ణి. ‘‘ఆగరా, ఆ గుంటడు నిన్ననే బరంపురం ఎల్లిపోనాడన్నావు, మళ్ళీ ఇక్కడ అన్నం ఎలగ తింతన్నాడు?’’ అనేది. బాగోలేదని ఎప్పుడూ అనలేదు, కానీ బియ్యంలో రాళ్ళు ఏరుతున్న చెయ్యి ఆపి విన్న చోట్లు, తల తిప్పి వీధిలోకి చూసిన చోట్లు నాకు తెలిసిపోయేవి, అక్కడ మార్జిన్‌లో గీత పెట్టుకున్నాను. నా నాలుక తడబడిన చోట ఇంకో గీత. రెండోసారి దిద్దిందంతా ఆ గీతల వెంటే.

అక్షరదోషాలు ఆఖర్న. మీరు కూడా ఒడియా మీడియమైతే ఎ-ఏ, ఒ-ఓ కోసం విడిగా ఒకసారి చదవండి, ఒడియాలో ఆ తేడా లేదు కాబట్టి చెయ్యి పొరపాటు పడుతుంది. ‘మేడ మీద నిలబడింది’ అనాల్సింది ‘మెడ మీద’ అయింది నాకు. రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్‌చెక్ పట్టుకోదు. చివరి పేజీ నుంచి వెనక్కి, ఒక్కో పేరా చదివితే కథలో పడిపోకుండా అక్షరాలు కనపడతాయి. ‘ఒక్కసారిగా’, ‘అప్పుడు’ లాంటి మాటలు ఫైండ్‌లో కొట్టి చూడండి, సగం పైగా తీసేయొచ్చు.

తీసేసిన పేజీలు మాత్రం చెరిపేయకండి, వేరే ఫైల్లో దాచండి. నేను తీసేసిన మొదటి అధ్యాయంలోని అమ్మమ్మ వంటిల్లు తర్వాత పద్నాలుగో అధ్యాయంలోకి నాలుగు వాక్యాలై తిరిగొచ్చింది.