సంఘం లెక్కలు చేతికొచ్చిన తమ్ముడికి: పేరోల్ టాక్స్ (జీతాల మీది పన్ను) బాకీ విషయం

ప్రియమైన తమ్ముడూ, వందనాలు.

అమెరికాలో తెలుగు క్రైస్తవ సంఘానికి (చర్చికి) ట్రెజరర్‌గా ఉండటమంటే కానుకల పెట్టె లెక్కపెట్టి బ్యాంకులో వేయడమొక్కటే కాదు. చెక్కుల మీద నీ సంతకం ఉంటుంది కాబట్టి సంఘం కట్టని పన్ను రేపు నీ ఇంటి మీదికి వచ్చే అవకాశం ఉంది. బాధ్యత ఒప్పుకున్నావు కాబట్టి మొదటి నెలలోనే ఈ సంగతులు తెలుసుకో.

"చర్చికి పన్ను లేదు" అన్న మాట సగమే నిజం. సంఘానికి వచ్చే దశమభాగాల మీద, కానుకల మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. లాభాపేక్ష లేని సంస్థలు ఏటా లెక్కలు చూపే 990 ఫారం కూడా చర్చి వేయనక్కర్లేదు. కానీ జీతం ఇచ్చిన రోజు నుంచి సంఘం కూడా అందరిలాంటి యజమానే. ఆఫీసు సెక్రటరీ, సౌండ్ సిస్టం చూసే అబ్బాయి, హాలు శుభ్రం చేసే ఆవిడ, వీళ్లంతా ఉద్యోగులే. వాళ్లను 'పరిచారకులు' అన్నా, ఇచ్చేదాన్ని 'ప్రేమ కానుక' అన్నా చట్టం చూసేది పని ఎవరు చెప్తున్నారు, డబ్బు ఎందుకిస్తున్నారు అన్నదే.

లెక్క ఇలా ఉంటుంది. సెక్రటరీ జీతం నెలకు 3,000 డాలర్లు అనుకో. ఆవిడ వాటాగా జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ (పింఛను పన్ను) 6.2 శాతం, మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా పన్ను) 1.45 శాతం, కలిపి 229.50 డాలర్లు పట్టుకోవాలి. పన్ను ఎంత పట్టాలో చెప్తూ ఆవిడ ఇచ్చిన డబ్ల్యూ-4 ఫారం ప్రకారం ఆదాయపు పన్ను మరో 180 అయిందనుకుందాం. ఈ 409.50 ఆవిడ డబ్బు. ప్రభుత్వానికి చేర్చడానికి సంఘం పట్టుకుని ఉంచింది, అంతే. దానికి సంఘం తన వాటాగా ఇంకో 229.50 కలిపి మొత్తం 639 కట్టాలి. మూడు నెలలకొకసారి ఈ పన్నుల లెక్క చూపే 941 ఫారం వేయాలి: ఏప్రిల్ 30, జులై 31, అక్టోబర్ 31, జనవరి 31 ఆఖరి తేదీలు. మూడు నెలల మొత్తం 2,500 డాలర్ల లోపుంటే ఫారంతోపాటే కట్టొచ్చు. ఇలాంటి ఉద్యోగులు ఇద్దరైతే ఆ గీత దాటిపోతుంది. అప్పుడు చిన్న సంఘాలు సాధారణంగా ప్రతి నెలదీ తర్వాతి నెల 15లోగా ఆన్‌లైన్‌లో జమ చేయాలి. ఆలస్యమైతే ఐదు రోజుల వరకు 2 శాతం, పదిహేను రోజుల వరకు 5, ఆ తర్వాత 10 శాతం జరిమానా.

సంఘాలు చిక్కుకునేది ఎక్కువగా ఇక్కడే. దొంగబుద్ధితో ఎగ్గొట్టే వాళ్లు తక్కువ. వేసవిలో జనం సెలవులకు వెళ్తారు, కానుకలు తగ్గుతాయి, హాలు అద్దె మీద పడుతుంది. "వచ్చే నెల సర్దుదాం" అని పట్టుకున్న పన్ను సొమ్ములోంచి అద్దె కడతారు. చట్టం దృష్టిలో అదే ఘోరమైన తప్పు. పన్ను బాకీ ఉందని తెలిసి కూడా వేరేవాళ్లకు చెల్లిస్తే, ఫెడరల్ పన్ను చట్టం 6672వ సెక్షన్ కింద అది కావాలని చేసినట్టే లెక్క. ఉద్యోగుల నుంచి పట్టుకున్న ఆ 409.50 పూర్తిగా, నూటికి నూరు శాతం, నిర్ణయం తీసుకున్న మనిషి సొంత ఆస్తి నుంచి వసూలు చేయొచ్చు. సొంతంగా దివాలా తీసినా ఆ బాకీ పోదు. జీతం లేని గౌరవ సభ్యులకు ఒక మినహాయింపు ఉంది, కానీ అది రోజువారీ డబ్బు వ్యవహారాల్లో వేలు పెట్టని, బాకీ సంగతి తెలియని వాళ్లకే. ట్రెజరర్‌కు వర్తిస్తుందని ఆశపడకు. జీతాలకు సరిపడా డబ్బు లేదంటే, పన్నుతో కలిపి ఎంత ఇవ్వగలమో అంత జీతమే ఇవ్వండి. జీతం పూర్తిగా ఇచ్చి పన్ను ఆపడం కన్నా అదే మంచిది.

పాస్టర్ గారి లెక్క వేరు. ఆదాయపు పన్నుకు ఆయన ఉద్యోగి, ఏడాది జీతం లెక్క చూపే డబ్ల్యూ-2 ఫారం ఇవ్వాలి. సోషల్ సెక్యూరిటీకి మాత్రం స్వయం ఉపాధి కింద లెక్క, కాబట్టి ఆయన జీతంలోంచి ఆ 7.65 శాతం పట్టకూడదు. ఆయన 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను తానే కట్టుకోవాలి. ఇంటి భత్యం మీద ఆదాయపు పన్ను లేదు కానీ ఈ స్వయం ఉపాధి పన్ను ఉంది. ఏడాదికి మొత్తం 48,000 డాలర్లు, అందులో ఇంటి భత్యం 18,000 అయితే ఆదాయపు పన్నుకు 30,000 లెక్కలోకి వస్తుంది, స్వయం ఉపాధి పన్ను మాత్రం 48,000 మీద సుమారు 6,780 డాలర్లు. ఆయన కోరితే జీతంలోంచి అదనంగా ఆదాయపు పన్ను పట్టి, ఆ భారం నెలనెలా తీర్చవచ్చు. భత్యం ఎంతో కమిటీ ముందుగా తీర్మానం చేసి మినిట్స్‌లో రాయాలి. డిసెంబర్‌లో కూర్చుని జనవరి నుంచి వర్తించేలా వెనక తేదీతో రాయడం చెల్లదు.

వివాదం మొదలైతే "దేవుని పరిచర్యకు ప్రభుత్వం అడ్డు రాకూడదు" అని వాదించమనే సలహాదారులు దొరుకుతారు. దయచేసి వినకు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు లీ కేసులో తన మత విశ్వాసం కారణంగా సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టనన్న ఆమిష్ (ఒక క్రైస్తవ శాఖ) యజమాని వాదనను ఒప్పుకోలేదు. ఇండియానాపోలిస్ బాప్టిస్ట్ టెంపుల్ అనే చర్చి ఇదే పట్టుదలతో ఉద్యోగుల జీతాల్లోంచి ఏళ్లతరబడి పన్ను పట్టలేదు. 2001 ఫిబ్రవరిలో ఫెడరల్ మార్షల్స్ వచ్చి ఆ మందిరాన్నే స్వాధీనం చేసుకున్నారు. ఫ్లోరిడాలో కెంట్ హోవింద్ అనే మత ప్రచారకుడు తన దగ్గర పనిచేసేవాళ్లు మిషనరీలే తప్ప ఉద్యోగులు కారన్నాడు, బ్యాంకు ప్రభుత్వానికి తెలియజేయకుండా ఉండేలా పది వేల డాలర్లకు తక్కువగా విడివిడిగా నగదు తీశాడు. 2006లో 58 నేరాలు రుజువై, మరుసటి ఏడాది పదేళ్ల శిక్ష పడింది. నగదును అలా ముక్కలు చేయడమే విడిగా ఒక నేరమని గుర్తుంచుకో. చర్చిలపై విచారణకు 7611వ సెక్షన్ రక్షణ ఇస్తుంది నిజమే, కానీ పేరోల్ పన్ను గురించి ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) మామూలుగా అడిగే ప్రశ్నలకు అది వర్తించదు.

పాత బాకీ బయటపడితే ముందు వేయని ఫారాలన్నీ వెయ్యి, డబ్బు లేకపోయినా సరే. ఫారం వేయనంతకాలం ప్రభుత్వం పన్ను విధించడానికి ఉన్న కాలపరిమితి లెక్క మొదలే కాదు. ఈ త్రైమాసికం పన్ను ఠంచనుగా కట్టు, లేకపోతే వాయిదాల ఒప్పందానికి ఒప్పుకోరు. తర్వాత ఐఆర్‌ఎస్ నుంచి ఖాతా ట్రాన్‌స్క్రిప్ట్ (జమలు, బాకీల నకలు) తెప్పించి మన పుస్తకాలతో సరిపోల్చు. కట్టిన సొమ్ము వేరే త్రైమాసికానికి జమ అయి ఉండటం చాలాసార్లు కనిపిస్తుంది. పాత బాకీకి నువ్వుగా చెల్లించేటప్పుడు చెక్కుతో పాటు లేఖ పెట్టు: "ఇది ఫలానా త్రైమాసికం 941లో, ఉద్యోగుల నుంచి పట్టుకున్న భాగానికి ముందుగా జమ చేయండి" అని. ఆ మాట రాయకపోతే వాళ్లు తమకు అనుకూలమైన వరుసలో జమ చేసుకుంటారు. అప్పుడు సంఘం డబ్బు కట్టినా నీ మీది సొంత బాధ్యత తగ్గదు. బలవంతంగా జప్తు చేసిన సొమ్ముకు ఈ వెసులుబాటు లేదు.

ఉత్తరాలు తెరవకుండా పెట్టొద్దు. జప్తుకు ముందు వచ్చే ఆఖరి నోటీసుకు 30 రోజుల్లోగా 12153 ఫారంతో విచారణ కోరాలి. బాకీ నీ మీద వేస్తామని చెప్పే 1153 ఉత్తరం నీ పేరు మీద వస్తే అప్పీలుకు 60 రోజులు ఉంటుంది. దానికి ముందు అధికారి 4180 ఫారం పట్టుకుని, సంతకాలు ఎవరివి, ఏ బిల్లు ముందు కట్టాలో ఎవరు చెప్తారు అని అడుగుతాడు. ఆ ఇంటర్వ్యూకి ఒంటరిగా వెళ్లకు, పన్నుల లాయర్‌ను వెంట తీసుకెళ్లు. సంఘం లాయర్ వద్దు, నీకంటూ వేరే లాయర్ కావాలి. అక్కడ పాస్టర్ గారి ప్రయోజనం, నీ ప్రయోజనం ఒకటి కాకపోవచ్చు.

ఈ పదవి వదిలే రోజు వస్తే, రాజీనామా రాతపూర్వకంగా ఇచ్చి మినిట్స్‌లో ఎక్కించు. బ్యాంకులో నీ సంతకం తీయించు, పన్ను జమ చేసే ఖాతా పాస్‌వర్డ్ కొత్త మనిషికి మార్పించు. ఐఆర్‌ఎస్ దగ్గర సంఘం తరఫు బాధ్యుడిగా నీ పేరుంటే 60 రోజుల్లోగా 8822-బి ఫారంతో మార్పించి, దాని నకలు మీ ఇంట్లో ఉంచుకో.

నీ క్షేమం కోరే
అన్నయ్య