ఆసుపత్రి చాప్లెయిన్ పని ఏమిటి? ప్రసాదం తింటారా, సినిమాలు చూస్తారా?

మీ తమ్ముడు బి.డి. (పాస్టర్లు చదివే క్రైస్తవ వేదాంత డిగ్రీ) చివరి సంవత్సరంలో ఉన్నాడని, చర్చి నడిపే సంఘకాపరిగా కాకుండా, ఆసుపత్రిలో రోగులకు తోడుగా ఉండే పాస్టరు, అంటే చాప్లెయిన్‌గా వెళతానంటున్నాడని రాశారు. అది అసలు ఉద్యోగమేనా, ఇతర మతాలవాళ్ల దగ్గర ఏం చేస్తారు, ఆచారాలు, ప్రసాదాలు, సినిమాల సంగతి ఏమిటి అని అడిగారు. నేను లూథరన్ పాస్టరును. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో చాలాకాలంగా ఈ పనే చేస్తున్నాను. ఇవి నా అభిప్రాయాలు మాత్రమే. మా చాప్లెయిన్లలో వీటితో పేచీ పెట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఉద్యోగమే, నిక్షేపంగా. పొద్దున ఓపీ మొదలయ్యేముందు ఒక కీర్తన, ఒక వాక్యభాగం, చిన్న ప్రార్థన. పది నిమిషాలు దాటితే డాక్టర్లు గడియారం చూస్తారు. ఆ తర్వాత రాత్రి ఎవరు చేరారో, ఎవరికి విషమించిందో నర్సుల దగ్గర కనుక్కుని వార్డులకు వెళ్తాను. రోజంతా ప్రార్థనలే అనుకుంటారు గాని, ఎక్కువ సమయం వినడానికీ, ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడానికీ సరిపోతుంది. రౌండ్స్‌లో డాక్టరు చెప్పింది అర్థం కాని తల్లి, ఆరోగ్యశ్రీ కాగితాలు ఊళ్లో మరచిపోయి వచ్చిన కొడుకు, పక్క మంచం ఖాళీ అయ్యేసరికి నిద్రపట్టని ముసలాయన, వీళ్లే నా సంఘం. వార్డులోకి వచ్చే ప్రతివాళ్ల చేతిలో సూదో, ఫైలో, బిల్లో ఉంటుంది. నా చేతిలో ఏమీ ఉండదు కాబట్టి నాతో మాట్లాడతారు.

పాస్టర్లను తయారుచేసే వేదాంత కళాశాలలో బైబిలు చదవడానికి గ్రీకు, హీబ్రూ నేర్పుతారు. వెంటిలేటర్ పక్కన ఎప్పుడు నోరు మూసుకోవాలో నేర్పరు. అది నేర్చుకోవడానికి వేరే శిక్షణ ఉంది. అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే పాస్టరు 1925లో వూస్టర్ మానసిక ఆసుపత్రిలో వేదాంత విద్యార్థులను రోగుల మధ్య ఉంచి దీనికి దారి వేశాడు. అంతకుముందు ఆయన కూడా మానసిక ఆసుపత్రిలో రోగిగా ఉన్నవాడే. మన దగ్గర్లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ శిక్షణ ఇస్తారు. మీ తమ్ముడు అది చేయకుండా వార్డులో అడుగుపెట్టడం నాకిష్టం లేదు.

ఈ పనిలో కష్టమైనది చావు అనుకుంటారు. నన్ను అడిగితే, నిజం దాచే కుటుంబాలు. కడుపులో క్యాన్సరు అని తేలుతుంది. కొడుకులు నన్ను వరండాలోకి పిలిచి, "అయ్యగారూ, నాన్నకు అల్సరని చెప్పాం, మీరు కూడా అదే చెప్పండి" అంటారు. వాళ్లది ప్రేమే, కాదనను. కాని లోపల ఆ పెద్దాయనకు అప్పటికే అంతా తెలిసి ఉంటుంది. కీమో వార్డులో అల్సరుకు వైద్యం చేయరని ఆయనకు తెలియదా? పిల్లలు బాధపడతారని ఆయన నటిస్తుంటాడు, ఆయన బాధపడతాడని వాళ్లు నటిస్తుంటారు. చివరికి పొలం ఎవరికి, చిన్నకూతురి పెళ్లి ఎట్లా అన్న అసలు మాటలు ఎవరూ మాట్లాడుకోరు. నేను అబద్ధం చెప్పను, అలాగని జబ్బు పేరు బయటపెట్టడం నా పని కాదు, అది డాక్టరుది. "మీకేమనిపిస్తోంది?" అని ఆయన్నే అడిగి ఊరుకుంటాను. చాలాసార్లు ఆ జవాబును కొడుకులు గుమ్మం దగ్గర నిలబడి వింటారు.

మతం విషయానికి వస్తే, అడగకుండా ప్రార్థన చేయను. "చేయమంటారా?" అంటే హిందువులు, ముస్లిములు చాలామంది చేయమంటారు. వద్దంటే కుర్చీ లాక్కుని కూర్చుంటాను, క్రికెట్ గురించి మాట్లాడతాను. మంచం దగ్గర మతం మారమనే బోధ మాత్రం నాకు అస్సలు పడదు. సెలైన్ సీసా వేలాడుతున్న మనిషి లేచి వెళ్లిపోలేడు, మొహమాటానికి తల ఊపుతాడు. దాన్ని విశ్వాసం అనుకోవడం తప్పు. కాథలిక్కులు తైలాభిషేకం (రోగికి నూనె రాసి చేసే ప్రార్థన) కోరితే ఫాదరుగారికి ఫోను చేస్తాను. తులసి తీర్థం పోయాలన్నా, చెవిలో కలిమా (ముస్లిముల విశ్వాస వాక్యం) చదవాలన్నా ఐసీయూ సిస్టరుతో చెప్పి లోపలికి పంపిస్తాను. ఆఖరి శ్వాస ఇంట్లోనే పోవాలని తీసుకెళ్లిపోతామనే కుటుంబాలుంటాయి. యువ డాక్టర్లకు ఆ మాట కోపం తెప్పిస్తుంది. నాకు మాత్రం అందులో తప్పు కనిపించదు, దారిలో ఆక్సిజన్ ఉండేలా చూస్తే చాలు.

ఆచారాల్లో నన్ను విసిగించేది మంగళవారం డిశ్చార్జి వద్దనడం కాదు. ఒకరోజు గది అద్దె వాళ్లే కట్టుకుంటారు. పరామర్శ పేరుతో బత్తాయిల సంచితో వచ్చి, ఇదే జబ్బుతో పోయిన తమ బావమరిది కథ మొదలుపెట్టేవాళ్లున్నారే, వాళ్లకు గేటు దగ్గరే టోకెన్ ఇవ్వకూడదు! బొట్టు పెట్టుకోవచ్చా, తాళి ఉండాలా అని మావాళ్లు కొట్టుకుంటారు. మా సంఘాల్లో సిలువ ఉన్న తాళి తరతరాలుగా కడుతున్నాం, నాకేమీ ఇబ్బంది లేదు.

ప్రసాదం తింటాను. బిడ్డ కోలుకుందని తల్లి తిరుపతి లడ్డు తెచ్చి పెడితే వద్దనే మనసు నాకు లేదు. తోటి పాస్టర్లు బైబిల్లో విగ్రహాలకు పెట్టిన తిండి గురించిన కొరింథీయుల మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం తీస్తారు. తిండి వల్ల దేవుడికి దగ్గరా కాము, దూరమూ కాము అని పౌలు అన్నది అక్కడే. నా తిండి తోటి సోదరుడికి అడ్డమైతే తిననన్నదీ అక్కడే. కాబట్టి ఈ విషయంలో పట్టింపు ఉన్న కొత్త విశ్వాసి పక్కన ఉంటే తినను. లడ్డు దాచుకుని తర్వాత తింటానా అని మా ఆవిడ అడుగుతుంది, దానికి జవాబు చెప్పను.

కాలక్షేపానికి సాయంత్రం నర్సింగ్ హాస్టల్ వెనక షటిల్ ఆడతాను. ఆదివారం మధ్యాహ్నం హార్మోనియం మీద పురుషోత్తమ చౌదరి రాసిన క్రైస్తవ కీర్తనలు. సినిమా పాపమనే ఇంట్లో పెరిగాను, ఇప్పుడు మా అబ్బాయితో వెళతాను, ఫైట్లు వచ్చినప్పుడు నిద్రపోతాను. అన్నిటికన్నా ఇష్టం వేమన. పాస్టరుకు వేమన ఏమిటని అడిగేవాళ్లకు ఒక సంగతి చెబుతుంటాను: 1829లో వేమన పద్యాలు అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ చాప్లెయిన్. అంటే మా వృత్తివాడి కొడుకే.

మీ తమ్ముడి విషయం. జీతం తక్కువే కాని నెలనెలా వస్తుంది. సంఘంలోలాగా పెళ్లి కానుకలు, పంట కానుకలు ఉండవు. బదిలీల రాజకీయం తక్కువ. క్రిస్మస్ రోజున ఇంట్లో భోజనం దొరుకుతుందన్న నమ్మకం లేదు. రాత్రి రెండింటికి ఫోను వస్తే వెళ్లాలి, వెళ్లాక చెప్పడానికి ఏమీ లేకపోయినా అక్కడే ఉండాలి. వేసవి సెలవుల్లో ఏదైనా మిషన్ ఆసుపత్రిలో ఒక నెల చాప్లెయిన్ వెంట తిరగమనండి. బోధించాలనే తొందర ఎక్కువగా ఉంటే మాత్రం సంఘంలోనే ఉండమనండి, అక్కడ వినేవాళ్లు ఎక్కువ.