ఆపరేటరు బాబాయ్ జవాబులు: పొద్దుగూకితే పనిచేయని మణి

ఈసారి సంచీ విప్పితే ఉత్తరాల్లో ముప్పాతిక వంతు సూపర్‌హీరోల మీదే. కొత్తగా చదివేవారికి ఒక మాట: నేను విమర్శకుణ్ణి కాను. తణుకు పక్కన ఒక టాకీసులో రీళ్ళు మోసే కుర్రాడిగా చేరి, 31 ఏళ్ళు ప్రొజెక్టరు నడిపినవాణ్ణి. ఇప్పుడు హైదరాబాదులో, నిజాంపేటలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఏడో తరగతి చదివే మనవడు నన్ను ఏ సినిమాకీ వదలడు కనక, ఈ అభిప్రాయాలకి వాడూ సగం పూచీదారు.

● బాబాయ్‌గారూ, సూపర్‌హీరో అనేది మనకి కొత్త సరుకు కదా! 'హనుమాన్' వచ్చాకే మనవాళ్ళకి ధైర్యం వచ్చిందంటాను. ఒప్పుకుంటారా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, భీమవరం

సగమే ఒప్పుకుంటాను. 1980లోనే ఎన్టీ రామారావుగారు 'సూపర్ మేన్' అయ్యారు నాయనా. వి. మధుసూదనరావుగారు తీశారు. ఆ కథలో బలం ప్రసాదించింది ఆంజనేయస్వామి. 2024 సంక్రాంతికి తేజ సజ్జకి బలం వచ్చిందీ ఆయన చలవతోనే. ఇన్నేళ్ళూ గుడి చుట్టూనే తిరుగుతున్నామని కొందరు వెక్కిరిస్తారు. నాకు అందులో తప్పు కనపడదు. సూపర్‌మ్యాన్ పుట్టిన క్రిప్టాన్ ఎక్కడుందో మా ఆవిడకి చెప్పాలంటే అరగంట పడుతుంది, హనుమంతుడికి ఆ పరిచయం అక్కర్లేదు.

'హనుమాన్'లో నాకు నచ్చింది గ్రాఫిక్స్ కాదు, షరతు. ఆ మణికి ఎండ తగిలితేనే కుర్రాడికి బలం. పొద్దుగూకితే వాడు మళ్ళీ మామూలు చిల్లర దొంగే. ఆ సంగతి తెలిశాక హాలంతా ఆకాశం వంక చూడ్డం మొదలెట్టింది. మా వెనక సీట్లో ఒక పెద్దాయన "ఇంకా ఎంత పొద్దుందిరా?" అని మనవణ్ణి అడిగాడు, పొలంలో ఉన్నట్టే. బలానికి ఒక లెక్కుంటేనే జనానికి భయం. లెక్క లేని బలం తెరమీదకొస్తే జనం పాప్‌కార్న్‌కి లేస్తారు.

క్యాబిన్‌లో ఆపరేటరుకి చిన్న అద్దాల కిటికీ ఉంటుంది. అందులోంచి తెర ఎంత కనపడుతుందో జనం తలలూ అంతే కనపడతాయి. నాకొచ్చిన విమర్శంతా ఆ కిటికీ నేర్పిందే: తలలు ఎప్పుడు కదులుతున్నాయి, ఎప్పుడు కదలట్లేదు. 'హనుమాన్'లో విలన్ సూటేసుకుని తిరిగినంతసేపూ తలలు కదిలాయి. వాడి చిన్నతనం మాత్రం భలే రాసుకున్నాడు ప్రశాంత్ వర్మ. సూపర్‌హీరోలెవరికీ అమ్మానాన్నలుండరు కదా అని కన్నవాళ్ళనే చంపేసుకుంటాడు ఆ పిల్లాడు! ఇంగ్లీషు సినిమాలకి ఇంతకన్నా చురక ఏముంటుంది? ఆఖరి పావుగంట తలలు కదల్లేదు, చేతులు లేచాయి. దణ్ణాలకి.

● మేము 'కల్కి 2898 ఏడీ'ని ఇక్కడ ప్రీమియర్‌లో చూశాం. కూడా వచ్చిన అమెరికా స్నేహితుడికి సగం అర్థం కాలేదు. లోపం వాడిదా, సినిమాదా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

వాడిది మాత్రం కాదు. అశ్వత్థామ నుదుట పుండు ఎందుకుందో మనకి ఉగ్గుపాలతో పోసేశారు, వాడికి ఎవరు పోశారు పాపం?

అదలా ఉంచు. డల్లాస్‌లో కూర్చుని నువ్వు గమనించావో లేదో గానీ, ప్రభాస్ వేసిన ఆ భైరవ గోలంతా ఏమిటి? 10 లక్షల యూనిట్లు పోగేసి ఎలాగోలా కాంప్లెక్స్‌లో పడాలి. కింద కాశీలో గంగ ఎండిపోయింది, పైన కాంప్లెక్స్ అనే ఆ తలకిందుల పిరమిడ్‌లో వాళ్ళకి సముద్రం కూడా ఉంది. మా వీధిలో పొలం తాకట్టు పెట్టి వీసా స్లాట్ కోసం రాత్రుళ్ళు ఫోను పట్టుకు కూర్చున్న కుర్రాళ్ళని చూశాను. నాకది 2898లా అనిపించలేదు, నిరుడే అనిపించింది. నాగ్ అశ్విన్ కావాలనే పెట్టాడో, మన ప్రాణం అలా ఉండి మనకి అలా తోచిందో!

లాగ్ ఉంది, కాదనను. మొదటి గంట భైరవ వేళాకోళాలు సగం కోసినా కథకి నష్టం లేదు. భైరవ నడిపే బుజ్జి బండి మా మనవడికి ప్రాణం. ఆ బండిని ఉత్త గ్రాఫిక్స్‌తో సరిపెట్టకుండా 6 టన్నుల బరువుతో నిజంగానే కట్టారని, అది రోడ్డు మీద నడుస్తుందని వాడే నాకు చెప్పాడు. కానీ కిటికీ లెక్కలో ఆ సినిమా మొత్తం అశ్వత్థామ వేసిన అమితాబ్‌గారిదే. అప్పటికి ఆయనకి 81. గుళ్ళో ఆ ముసలాయన లేచి నిలబడ్డప్పుడు హాల్లో ఫోన్లు కూడా ఆరిపోయాయి.

చివర్లో భైరవే 'కర్ణుడు' అనేసరికి మా ఇంట్లో మొదలైన తగువు ఇంకా తెమల్లేదు. మా వియ్యంకుడుగారు అర్జునుడి పక్షం. 'దానవీరశూర కర్ణ' రీలు డబ్బాలు మోసిన భుజం నాది. నేనెటో చెప్పక్కర్లేదుగా!

● పిల్లల గోల పడలేక ఇలాంటి సినిమాలన్నీ 3డిలో చూస్తాను. ప్రతిసారీ తెర చీకటిగా కనపడి తలనొప్పి వస్తోంది. కళ్ళ డాక్టరు ఏమీ లేదన్నారు. నా లోపమేనా అన్నయ్యగారూ?
— గృహిణి, కరీంనగర్

మీ కళ్ళు లక్షణంగా ఉన్నాయమ్మా. లోపం వెలుగులో ఉంది.

3డి అంటే కుడి కంటికి ఒక బొమ్మ, ఎడమ కంటికి ఒక బొమ్మ. ఏ కంటి బొమ్మ ఆ కంటికే చేరాలి కనక ప్రొజెక్టరు ముందొక వడపోత, మీ ముక్కు మీద ఇంకొక వడపోత. ఈ రెండూ దాటేసరికి వెలుగు సగానికి పైగా పోతుంది. 2డికి తెరమీద 14 ఫుట్-ల్యాంబర్టుల వెలుగుండాలని లెక్క. 3డిలో అందులో మూడో వంతు మీ కంటికి చేరితే ఆ హాలువాళ్ళు ధర్మాత్ములే. పైగా ప్రొజెక్టరులో వెలిగే జినాన్ దీపం వాడేకొద్దీ మందగిస్తుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి కొన్నిచోట్ల మార్చాల్సిన గంటలు దాటినా లాగిస్తారు. దానికి తోడు ఈ సూపర్‌హీరోలు కొట్టుకునేది రాత్రిపూట, వానలో, నల్ల బట్టల్లో. ఇంకేం కనపడుతుంది? ఒకసారి అద్దాలు పైకెత్తి చూడండి. బొమ్మ రెండుగా చీలినా, ఎంత వెలుగు పోతోందో తెలిసిపోతుంది.

మా రోజుల్లో కార్బన్ కడ్డీలు. రెండింటి మధ్య మంట. అవి కాలి అరిగేకొద్దీ ఎడం పెరిగి తెర మసకబారుతుంది. దగ్గరికి జరుపుతూ ఉండటమే మా ఉద్యోగం. ఒక్క నిమిషం ఏమరితే నేల టికెట్టు జనం నా ఇంటిపేరుతో సహా పిలిచేవాళ్ళు. మొన్నీమధ్య ఒక మల్టీప్లెక్సులో 2డి ఆటకి 3డి వడపోత తీయకుండానే వేసేశారు. తెరంతా సాయంకాలం. బయటికెళ్ళి చెబితే ఆ కుర్రాడు చాలా మర్యాదగా, "అది డైరెక్టర్‌గారి విజన్ సార్" అన్నాడు.

మీరు చేయగలిగింది: పిల్లల్ని ఒప్పించి 2డికి వెళ్ళండి. చాలా సినిమాలు 2డిలో తీసి ఆనక 3డిగా మార్చినవే, పోయేదేం లేదు. తప్పకపోతే తెరకి సరిగ్గా ఎదురుగా, మధ్య వరసల్లో కూర్చోండి. 3డికి వాడే వెండి తెర పక్కలకి వెలుగు సరిగ్గా పంచదు.

● కొత్త 'సూపర్‌మ్యాన్' చూశారా? హీరో మొదటి సీన్ నుంచీ తన్నులు తినడమే. కుక్క ఈడ్చుకెళ్ళాలా సూపర్‌మ్యాన్‌ని? పైగా ముద్దు సీను కూడా కోసేశారు!
— బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

మీ బాధ కుక్క గురించా, ముద్దు గురించా?

2025 జూలైలో విడుదలైన వారంలోనే చూశాను. మీకు నచ్చనిదే నాకు నచ్చింది. 3 నిమిషాల కిందట మొట్టమొదటిసారి ఓడిపోయాడని తెరమీద అక్షరాలు పడతాయి, మంచులో దభీమని పడతాడు, ఊపిరాడదు, ఈల వేస్తే కుక్క వస్తుంది. వచ్చిన కుక్క సాయం చేయకుండా ముందు మీదెక్కి ఆడుకుంటుంది! కుక్కని పెంచినవాడే రాయగలడు ఆ సీను. దర్శకుడు జేమ్స్ గన్ తన ఇంటి కుక్కని చూసే రాసుకున్నాడట. సూపర్‌మ్యాన్ కథలో ఎప్పుడూ వచ్చే చిక్కు, వాడికి ఏమీ కాదని మనకి ముందే తెలియడం. ఇక్కడ ఎముకలు విరిగి మూలుగుతూ వచ్చాడు కాబట్టి మా వరసలో తలలు కదల్లేదు.

ఇంకొకటి. ఊళ్ళో కొండంత జంతువు భవనాలు కూలుస్తుంటే, ఈయన మధ్యలో ఆగి ఒక ఉడతని పట్టుకుపోయి భద్రంగా దింపుతాడు. ఇంగ్లీషు విమర్శకులు కొందరు అది మరీ చాదస్తమన్నారట. రాముడు ఉడత వీపు నిమిరిన కథ విన్న మనకి చాదస్తమెందుకవుతుంది? మా మనవడు ఇంటికొచ్చాక నానమ్మకి చెప్పిన మొదటి సీను అదే.

సెన్సారువాళ్ళు కోసింది దాదాపు 33 సెకన్లని పేపర్లలో వచ్చింది. ఇద్దరూ గాల్లో తేలుతుండగా బొమ్మ ఠక్కున ఎగిరింది. పక్కవాళ్ళు "ఏమైంది?" అనుకున్నారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. తెగిన ప్రింటు అతికిస్తే అచ్చం ఆ ఎగురుడే వచ్చేది.

● 'ఫెంటాస్టిక్ ఫోర్'?
— పేరు రాయలేదు, నెల్లూరు

పురుడు కోసం చూడొచ్చు. అంతరిక్షంలో, బరువు లేని చోట, వెనక నుంచి వెండి మనిషి తరుముతుండగా బిడ్డని కంటుంది ఆ తల్లి. అంతకు ముందే భూమిని వదిలేస్తాను, బిడ్డనివ్వమని రాక్షసుడు బేరం పెడతాడు. బకాసురుడికి బండెడన్నంతో సరిపోయేది, వీడికి గ్రహాలు కావాలి. 1960ల నాటి లోకంలా కట్టిన ఊరు ముచ్చటగా ఉంది. మిగతాది రేపటికి గుర్తుండదు.

● అంకుల్, 'కొత్త లోక' చూసి మా హాస్టల్ అమ్మాయిలమంతా ఈలలేశాం. మలయాళంవాళ్ళకి కల్యాణి ఉంది. మనకి ఆడ సూపర్‌హీరో ఎప్పుడు?
— డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

ముందు ఈలలకి నా ఆశీస్సులు. నేలలో ఆడవాళ్ళ వైపు నుంచి ఈల వినడానికి నాకు ముప్పై ఏళ్ళు చాల్లేదు.

ఆ సినిమా తెలివంతా పొదుపులో ఉంది. 30 కోట్ల చుట్టుపక్కల ఖర్చుతో తీస్తే 300 కోట్లు దాటింది. లోకాన్ని కాపాడే హడావుడి లేదు. బెంగళూరులో ఒక ఫ్లాటు, ఎదురింట్లో పనీపాటా లేని కుర్రాళ్ళు, రాత్రిపూట తిరిగే అమ్మాయి. ఆ అమ్మాయి కేరళ అమ్మమ్మలు చెప్పే కల్లియంగాట్టు నీలి, యక్షి. ఇక్కడా లెక్క చూడు: మన కుర్రాడికి ఎండ లేకపోతే బలం లేదు, ఆ పిల్లకి ఎండ పడదు. ఇద్దరి గుట్టూ సూర్యుడి దగ్గరే ఉంది.

టొవినో వేసిన చాత్తన్ అనే మాయల భూతాన్ని చూసి మీరు ఈలేశారు, నేను ఉలిక్కిపడ్డాను. 1984లో మన దేశపు తొలి 3డి సినిమా ఆ కుట్టిచాత్తన్ మీదే. తెలుగులో 'చిన్నారి చేతన'గా వచ్చింది. అప్పుడు వాడు చిన్న పిల్లాడు. ఆట అయ్యాక కళ్ళద్దాలు బుట్టల్లోకి తిరిగి వసూలు చేయడం ఒక యుద్ధం. మా గేట్ కీపరు లెక్కపెడుతుంటే ఒక పిల్ల ఏడ్చింది, అద్దాలిచ్చేస్తే ఆ అబ్బాయి ఇంక కనపడడని.

ఇక నీ ప్రశ్న. మనకి ఎప్పుడో వచ్చిందమ్మా. 1995లో, కోడి రామకృష్ణగారి 'అమ్మోరు'. మా టాకీసులో మ్యాట్నీకి ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద వచ్చేవాళ్ళు. అమ్మవారు ఉగ్రరూపం ఎత్తేసరికి కుర్చీ క్లాసులో ఒకావిడకి పూనకం. తెర ముందు పసుపూ కుంకుమా చల్లేస్తున్నారని ఓనరుగారు అక్కడొక పళ్ళెం పెట్టించారు. రాత్రి సెకండ్ షో అయ్యాక కొబ్బరి చెక్కలు మా స్టాఫే పంచుకునేవాళ్ళం. మనం ఆవిడని సూపర్‌హీరో అనలేదు, అంతే. పోలేరమ్మకీ ఎల్లమ్మకీ ఊరూరా కథలున్నాయి. హాస్టల్లో కూర్చుని వాటిలో ఒకటి నువ్వే రాయకూడదూ?

● 'మిరాయ్' మీద ఒక్క మాట చెప్పండి.
— మొబైల్ షాపు యజమాని, ఖమ్మం

సంపాతి. ఆ పక్షి లేచినప్పుడు మావాడు కుర్చీ మీద నిలబడ్డాడు. రెండో మాట అడిగితే మంచు మనోజ్. మూడో మాట అడిగితే నిడివి గురించి చెప్పాల్సొస్తుంది.

● తాతయ్యా, మీకు టైమ్ మెషీన్ దొరికితే ఎక్కడికి వెళ్తారు?
— ఆరో తరగతి, శ్రీకాకుళం

1991కి వెళ్తాను తల్లీ, 'ఆదిత్య 369' ఆడుతున్న మా క్యాబిన్‌కి.

అప్పట్లో సినిమా ఒకే ముక్కగా వచ్చేది కాదు, ఇరవై నిమిషాలకొక పెద్ద రీలు. రెండు ప్రొజెక్టర్లుండేవి. రీలు అయిపోయే ముందు తెర కుడి పక్క, పై మూల చిన్న చుక్క మెరుస్తుంది. దానికి రెండో మిషను మోటారు ఆన్ చేయాలి. 7 సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు ఇది మూసి అది తెరవాలి. మీరెవరూ ఆ చుక్కలు చూసి ఉండరు. మేము ఇంకేమీ చూసేవాళ్ళం కాదు.

ఆ రోజు నేను చుక్క చూడలేదు. టైమ్ మెషీన్ గిర్రున తిరుగుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, నేను కిటికీకి ముక్కు ఆనించి చిన్నపిల్లాడిలా చూస్తున్నాను. రీలు అయిపోయింది. తెరంతా తెల్లగా మెరిసిపోయింది. నాలుగు సెకన్లో, ఐదో. నా గుండె ఆగిపోయింది. ఇక ఈలలు, తిట్లు, కిందనుంచి మేనేజరు పరుగు. పరుగెత్తి రెండో మిషను తెరిచాను. తెరమీద టైమ్ మెషీన్ రాయలవారి కాలంలో దిగింది.

హాలంతా చప్పట్లు! కాలం దాటేటప్పుడు లోకం అలాగే తెల్లబడుతుంది కాబోలని జనం అనుకున్నారు.

2025 ఏప్రిల్‌లో మళ్ళీ విడుదలైతే మీలాంటి మా మనవణ్ణి తీసుకెళ్ళాను. ఆ చోటు వచ్చింది. తెర తెల్లబడలేదు, బొమ్మ నున్నగా జారిపోయింది. నాకేదో తక్కువైంది. వెనక్కి వెళ్ళినా ఆ తప్పు దిద్దను. పక్కన స్టూలేసుకుని కూర్చుని ఇంకోసారి చూస్తాను. మా ఓనరుగారికి ఆ సంగతి ఇప్పటికీ తెలీదు.