నెట్ కార్బ్సా, టోటల్ కార్బ్సా? ముందు ఆ ప్యాకెట్ ఏ దేశానిదో చూడండి

విదేశాలకి కొత్తగా వచ్చి, బరువు పెరిగిందనో షుగర్ బార్డర్‌లో ఉందనో లో కార్బ్ (పిండిపదార్థాలు, అంటే కార్బోహైడ్రేట్లు తగ్గించి తినడం) మొదలుపెట్టినవాళ్ళు నన్ను తరచూ అడిగే సందేహం ఇది: “అన్నా, యాప్‌లో టోటల్ కార్బ్స్ అని ఒక అంకె, నెట్ కార్బ్స్ అని ఇంకో అంకె చూపిస్తోంది. దేన్ని పట్టుకోవాలి?” నేను ముందు అడిగేది ఒకటే, నువ్వు ఏ దేశంలో ఉన్నావని. ఎందుకంటే “మొత్తం కార్బ్స్‌లోంచి ఫైబర్ (ఒంట్లో చక్కెరగా మారని పీచు) తీసేయ్, మిగిలిందే నెట్” అనే సూత్రం అన్ని దేశాల లేబుళ్ళకీ సరిపోదు.

అమెరికాలో ప్యాకెట్ వెనక ఉండే న్యూట్రిషన్ ఫ్యాక్ట్స్ పట్టీ చూడండి. టోటల్ కార్బోహైడ్రేట్ అని బొద్దు అక్షరాల్లో ఉంటుంది. దాని కింద కాస్త లోపలికి జరిపి డైటరీ ఫైబర్, టోటల్ షుగర్స్, ఇంకా లోపలికి యాడెడ్ షుగర్స్ ఉంటాయి. అలా లోపలికి జరిపి రాసినవన్నీ పై అంకెలో భాగాలే. అంటే పీచు కూడా అందులోనే కలిసి ఉంది, కాబట్టి తీసేయడంలో అర్థం ఉంది. కెనడాలో కూడా ఇంతే.

యూరప్‌లో అలా కాదు. యూరోపియన్ యూనియన్ 1169/2011 నిబంధన ప్రకారం లేబుల్ మీద కార్బోహైడ్రేట్ అంటే మన శరీరం అరిగించుకుని వాడుకునేది మాత్రమే. పీచుకి వేరే వరస. ఆ వరస వేయడం కూడా తప్పనిసరి కాదు. బ్రిటన్‌లో ఇదే పద్ధతి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కూడా కార్బోహైడ్రేట్ అంకెలో పీచు ఉండదు. ఆ దేశాల్లో ఉన్నవాళ్ళకి లేబుల్ మీద ఉన్నదే దాదాపు నెట్. దాంట్లోంచి మళ్ళీ ఫైబర్ తీసేస్తే ఒకే పీచుని రెండుసార్లు తీసేసినట్టు.

అవిసె గింజలు తీసుకోండి. 100 గ్రాముల్లో అమెరికా లెక్కన కార్బోహైడ్రేట్ సుమారు 29 గ్రాములు, అందులో పీచే 27. మిగిలేది 2. అదే గింజల యూరప్ ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ 2 దరిదాపుల్లోనూ, ఫైబర్ 27 దరిదాపుల్లోనూ ఉంటాయి. అక్కడ కూడా తీసేస్తే మైనస్ 25 వస్తుంది! మైనస్ వచ్చింది కాబట్టి ఎవరికైనా అనుమానం వస్తుంది. అసలు చిక్కు మైనస్ రాని చోట ఉంది. ఒక బ్రెడ్ మీద 100 గ్రాములకి కార్బోహైడ్రేట్ 40, ఫైబర్ 7 అని ఉందనుకోండి. యూరప్‌లో ఉండి 33 అని రాసుకుంటే చూడ్డానికి ఏ తేడా కనిపించదు. కానీ ఆ 7 గ్రాములు మీరు నిజంగా తిన్న కార్బ్సే. రోజుకి 20 గ్రాములు దాటకూడదని పెట్టుకున్నవాడికి అది చిన్న సంఖ్య కాదు.

ప్యాకెట్ ఏ పద్ధతిలో రాశారో తెలియకపోతే చూసుకోవడానికి రెండు దారులున్నాయి. ఫైబర్ అంకె కార్బోహైడ్రేట్ కంటే ఎక్కువ ఉంటే పీచు కచ్చితంగా విడిగానే ఉన్నట్టు. అలా తేలకపోతే క్యాలరీలు కట్టి చూడండి: ప్రొటీన్‌ని 4తో, కొవ్వుని 9తో, కార్బోహైడ్రేట్‌ని 4తో గుణించి కలపండి. వచ్చింది లేబుల్ మీద క్యాలరీల కంటే తక్కువై, ఆ లోటు గ్రాము పీచుకి 2 క్యాలరీల చొప్పున సరిపోతే పీచు విడిగా ఉంది, ఇంక తీసేయకండి. సరిగ్గా సరిపోయినా, ఎక్కువ వచ్చినా పీచు లోపలే ఉందనుకోవచ్చు. పీచు బాగా ఉన్న పదార్థాల్లో ఈ లెక్క స్పష్టంగా తేలుతుంది.

యాప్‌లని గుడ్డిగా నమ్మొద్దని చెప్పేది కూడా ఇందుకే. ఏ దేశం లేబుల్ ఎక్కించినా కొన్ని యాప్‌లు ఒకేలా తీసివేత చేసేస్తాయి. మీరు రోజూ తినే నాలుగైదు వస్తువులకైనా ప్యాకెట్ చూసి సొంతంగా అంకెలు ఎక్కించుకోండి.

ఇక అసలు ప్రశ్న, దేన్ని లెక్కపెట్టాలని. కూరగాయలు, గింజలు, బాదం లాంటి వాటికి నెట్ లెక్కే మంచిదని నా గట్టి అభిప్రాయం. 28 గ్రాముల బాదంలో మొత్తం కార్బ్స్ 6 గ్రాములు, పీచు మూడున్నర. నెట్ రెండున్నరే. టోటల్ లెక్క పెట్టుకుని 20 గ్రాముల్లో ఇమడాలనుకునేవాళ్ళు మొదట కోత పెట్టేది ఆకుకూరలకీ కూరగాయలకీ. కడుపుకి మేలు చేసే పీచుని వదులుకుని మలబద్ధకంతో బాధపడటం దేనికి?

కార్బ్స్ బాగా తక్కువని చెప్పి అమ్మే, ఫ్యాక్టరీలో తయారైన ‘కీటో’ బార్లు, చాక్లెట్ల విషయంలో మాత్రం ముందు వైపు పెద్ద అక్షరాలతో వేసిన నెట్ కార్బ్స్ అంకెని నేను లెక్కలోకే తీసుకోను. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల్లో ఆ మాటకి నిర్వచనమే లేదు. ఉదాహరణకి ఒక బార్‌లో మొత్తం 22 గ్రాములు, ఫైబర్ 9, షుగర్ ఆల్కహాల్ (చక్కెరకి బదులు వేసే ఒక రకం తీపి పదార్థం) 10 ఉందనుకుందాం. ముందు వైపు ‘నెట్ 3’ అని ఉంటుంది. వెనక్కి తిప్పి ఆ షుగర్ ఆల్కహాల్ ఏమిటో చదవండి. ఎరిత్రిటాల్ అయితే ఆ 3 దాదాపు నిజమే, అందులో ఎక్కువ భాగం ఒంట్లో ఖర్చవకుండా మూత్రంలో పోతుంది. మాల్టిటాల్ అయితే మాత్రం రక్తంలో చక్కెర పెరుగుతుంది. సగమే తీసేయండి: 22లోంచి 9, ఇంకో 5 పోగా 8. రెండు బార్లు తింటే 16. అల్యులోజ్ అనే తీపి పదార్థం ఉంటే భయం లేదు. అమెరికా లేబుల్‌లో అది టోటల్ కార్బోహైడ్రేట్‌లో కలిసినా షుగర్స్ వరసలో కలపరు, తీసేయొచ్చు.

యూరప్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడ ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అక్కడ పీచు విడిగా ఉన్నా, పాలియోల్స్ అని రాసే ఈ షుగర్ ఆల్కహాల్స్ మాత్రం కార్బోహైడ్రేట్ లోపలే ఉంటాయి. కాబట్టి ఫైబర్‌ని ముట్టుకోకుండా, ఎరిత్రిటాల్ ఎంతో రాసి ఉంటే అది మాత్రం తీసేయండి.

సున్నాలు కూడా జాగ్రత్తగా చూడాలి. అమెరికాలో ఒక సర్వింగ్‌కి అర గ్రాము కంటే తక్కువ ఉంటే 0 అని వేయొచ్చు. చిక్కటి క్రీమ్ ఒక టేబుల్ స్పూన్‌లో 0.4 గ్రాములు ఉంటాయి, లేబుల్ మీద సున్నా ఉండొచ్చు. కప్పుకి 16 స్పూన్లు, అంటే దాదాపు ఆరున్నర గ్రాములు.

షుగర్‌కి మందులు వాడుతున్నవాళ్ళు ఇదంతా డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి, దయచేసి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ టోటల్ కార్బ్సే లెక్కపెట్టమంటుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి పాత మోతాదులోనే వాడుతూ కార్బ్స్ తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్ళకి కార్బ్స్ బాగా తగ్గిస్తే కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగిపోవడం) వచ్చే ముప్పు ఉంది. అది చక్కెర మరీ ఎక్కువ లేనప్పుడు కూడా రావచ్చు. ఇక్కడ కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత మందుల చీటీ తీసుకెళ్ళి, కార్బ్స్ ఎంతకి తగ్గించబోతున్నారో అంకెతో సహా చెప్పండి.

ఏ బార్ మీకు పడుతుందో, ఏది పడదో తేల్చేది గ్లూకోమీటరే. తినేముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకి ఒకసారి చూసుకోండి. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో కొన్న మీటర్ 7.8 అనో 10 అనో చూపిస్తే కంగారు పడకండి, అక్కడి కొలమానం (mmol/L) వేరు, దాన్ని 18తో గుణిస్తే మనకి అలవాటైన అంకె వస్తుంది: 140, 180.