కాపరి పిల్లనగ్రోవి ఎందుకు విరిచాడు

తమ్ముడూ,

నీ కవితలు ఐదూ చదివాను. అన్నిటిలోనూ కన్నీళ్లున్నాయి, చీకటి ఉంది. ప్రేమించిన అమ్మాయి చేత కాదనిపించుకున్న ఆ కుర్రాడు మర్నాడు పొద్దున లేచి ఏం పని చేశాడో మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఇంగ్లీషు కాపరి కవిత్వం, అంటే గొర్రెలు కాచేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు తమ ప్రేమలు చెప్పుకునే కవితలు, చదవమంటున్నాను. అక్కడ బాధ ముందు పనిలో కనిపిస్తుంది, తర్వాతే మాటల్లో.

ఎడ్మండ్ స్పెన్సర్ అనే కవి రాసిన 'షెపర్డ్స్ క్యాలెండర్'తో మొదలుపెట్టు. 1579లో వచ్చింది. నెలకొకటి చొప్పున 12 కవితలు. జనవరి కవితను కాగితం మీద చేత్తో రాసుకో. 78 పంక్తులే, ఆరేసి పంక్తుల పద్యాలు 13. మొదటి పద్యంలో కోలిన్ అనే కాపరి గొర్రెలు నిలబడే ఓపిక కూడా లేక నీరసించి ఉంటాయి. అతని ముఖం పాలిపోయిందన్న మాట రెండో పద్యంలో గానీ రాదు. ఈ వరస గమనించు. తర్వాత అతనే మందతో అంటాడు: మీ యజమాని మనసు బాగాలేదనడానికి మీ ఆకలే సాక్ష్యమని.

ఇంకా లోపలికి వెళ్లు. హాబినాల్ అనే మరో కాపరికి కోలిన్ అంటే ప్రాణం. మేకపిల్లలు, బిస్కట్లు, తొలికాపు పళ్లు తెచ్చిస్తాడు. కోలిన్ వాటిని చిన్నచూపు చూసి, తీసుకెళ్లి తను ప్రేమించే రోజలిండ్‌కి ఇస్తాడు. ఆమె అతని పాటలు విని నవ్వుతుంది. కాదనిపించుకున్నవాడే ఇంకొకరిని కాదంటున్నాడు! నీ కవితల్లో కుర్రాడు ఎప్పుడూ అమాయకుడే, అందుకే అతని మీద జాలి నిలవడం లేదు. చివర్లో కోలిన్ పిల్లనగ్రోవి విరుస్తాడు. ఊరికే కోపంతో కాదు. అది కాపరుల దేవుడు పాన్‌ని మెప్పించింది గానీ ఆమెను మెప్పించలేదు.

ఆండ్రూ మార్వెల్ అనే మరో కవి కవితలు అతను పోయాక 1681లో అచ్చయ్యాయి. వాటిలో గడ్డి కోసే డామన్‌ని అతను ప్రేమించిన జూలియానా పట్టించుకోదు. పరధ్యానంలో కోస్తుంటే కొడవలి జారి చీలమండకు తెగుతుంది. ఆ గాయానికి ఏ ఆకు పెట్టాలో అతనికి తెలుసు, జూలియానా చూపు చేసిన గాయానికే మందు లేదంటాడు. మార్వెల్‌దే 'మోయర్స్ సాంగ్' (గడ్డి కోసేవాడి పాట) బిగ్గరగా చదువు: గడ్డిని నేనేం చేస్తానో నన్ను ఆమె అదే చేస్తుందన్న పల్లవి అయిదు పద్యాల్లోనూ తిరిగొస్తుంది. ఆ పల్లవిలో చివరి పంక్తి మిగతావాటికంటే పొడవు. కొడవలి విసురంతా అందులోనే వినిపిస్తుంది.

కాదన్న మనిషికీ గొంతు ఉండాలి. క్రిస్టఫర్ మార్లో అనే కవి కవితలో కాపరి తను ప్రేమించిన అమ్మాయికి గులాబీల పాన్పు, ఉన్ని గౌను, బంగారు బకిల్స్ ఉన్న చెప్పులు ఇస్తానంటాడు. దానికి వాల్టర్ రాలీ అనే కవి రాశాడని చెప్పే జవాబులో ఆ అమ్మాయి అదే ఛందస్సులో, అవే వస్తువుల్ని ఎత్తి, ఇవన్నీ ఎంతలో వాడిపోతాయంటుంది. యవ్వనం నిలిచేదైతే వచ్చేదాన్నేనని కూడా అంటుంది. తిట్టు ఒక్కటీ లేదు. నువ్వు మాత్రం ఆమెను 'రాయి' అని వదిలేశావు.

నీ మూడో కవితలో కుర్రాడిది సైకిల్ షాపని ఒక్క ముక్క ఉంది. మిగతావి పక్కన పెట్టి దాన్నే తిరగరాయి. ట్యూబును నీళ్లలో ముంచాడు, బుడగలు వస్తున్నాయి, అతను చూడటం లేదు. అక్కడ మొదలుపెట్టు. 24 పంక్తులు దాటనివ్వకు. దానితోపాటు ఆమె జవాబు కూడా, అదే కొలతలో, రాసి పంపు.

నీ అన్నయ్య