డబ్బిచ్చి రాయించుకున్న సాఫ్ట్‌వేర్ ఎవరిది?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరంలో మందుల హోల్‌సేల్ దుకాణం. రెండేళ్ల క్రితం తెలిసిన కుర్రవాడికి 80 వేల రూపాయలిచ్చి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాయించుకున్నాను. కాగితం ఏదీ రాసుకోలేదు. ఇప్పుడు దాన్నే మా వీధిలో మరో దుకాణానికి అమ్మాడు. అడిగితే, ‘ఓపెన్ సోర్స్‌తో చేశాను, అది ఎవరి సొత్తూ కాదు’ అంటున్నాడు. డబ్బు పెట్టి కొన్నది నేను కాబట్టి పేటెంట్ నాదే కదా? నోటీసు పంపవచ్చా?

జవాబు: పేటెంట్ పేరు ఎత్తి మాత్రం పంపకండి. లేని పేటెంట్‌తో బెదిరిస్తే, ఎదుటివారే కోర్టుకెక్కి మీ నుంచి నష్టపరిహారం కోరడానికి పేటెంట్ల చట్టం 106వ సెక్షన్ వీలిస్తుంది. కాపీరైట్ పేరుతో బెదిరిస్తే కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ కూడా అలాంటిదే.

మనవాళ్లు ఊతపదానికీ, అత్తగారి ఆవకాయకూ కూడా పేటెంట్ అంటారు. సరదాకైతే ఫర్వాలేదు. కానీ మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రాముకు, అది ప్రోగ్రాము అయినంత మాత్రాన, పేటెంట్ (కొత్త ఆవిష్కరణపై హక్కు) ఇవ్వరు. దానికి వర్తించేది 1957 నాటి కాపీరైట్ చట్టం. ఆ చట్టం లెక్కలో మీ బిల్లింగ్ ప్రోగ్రాము కూడా కథలాగే ‘సాహిత్య రచన’. రిజిస్టర్ చేయించకపోయినా రాయగానే హక్కు పుడుతుంది.

ఎవరికి పుడుతుందన్నదే మీ చిక్కు. 17వ సెక్షన్ ప్రకారం జీతానికి ఉన్న మనిషి ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు యజమానిది. బయటివాడు రాసిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, రాసినవాడిదే. విచిత్రమేమిటంటే, డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోలపై అదే సెక్షన్ హక్కును మీకే ఇస్తుంది. ప్రోగ్రాముకు ఆ భాగ్యం లేదు. ఇది సబబేనా అని నాకూ అనుమానమే. 80 వేలకు మీకు దక్కింది వాడుకునే హక్కు, అంటే లైసెన్సు. నిశ్చింతగా వాడుకోండి, పాడైతే పనికొస్తుందని ఒక ప్రతి దాచుకోండి. 52వ సెక్షన్ అందుకు ఒప్పుకుంటుంది.

ఆ కుర్రవాడి మాటా తప్పే. ఓపెన్ సోర్స్‌కు, అంటే రాసిన కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్‌కు, సొంతదారు ఉంటాడు. కొన్ని షరతులు పెట్టి అందరినీ వాడుకోనిస్తాడు, అంతే. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ‘ఫ్రీ’ అని కూడా అంటారు; ఇంగ్లీషులో ఉచితానికీ, స్వేచ్ఛకూ ఆ మాట ఒక్కటే కాబట్టి గందరగోళం. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. అతను వాడింది జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉన్న కోడ్ అయితే, దానిపై కట్టిన ప్రోగ్రామును ఎవరికి ఇస్తే వారికి సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు రూపం) కూడా ఇవ్వాలి. ‘ఓపెన్ సోర్స్ అన్నావు కదా, ఏ లైసెన్సు? సోర్స్ కోడ్ ఏది?’ అని అడగండి. ఎంఐటీ అనే మరో ఓపెన్ సోర్స్ లైసెన్సు లాంటిది అయితే ఆ బాధ్యత ఉండదు.

ప్రోగ్రాముతో పాటు మీ ఖాతాదారుల జాబితా, కొనుగోలు ధరలు కూడా అవతలి దుకాణానికి చేరాయా? ముందు అది తేల్చుకోండి. చేరితే రహస్యాన్ని వెల్లడించినందుకు దావా వేయవచ్చు. నోటీసు పంపాల్సి వస్తే దాని మీదే పంపండి.

లేదంటే అతనితో కూర్చుని హక్కుల బదిలీ పత్రం రాయించుకోండి. సంతకం తప్పనిసరి. ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం అన్నది విడమరచి రాయండి. కాలం రాయకపోతే 19వ సెక్షన్ దాన్ని అయిదేళ్లుగానే లెక్కిస్తుంది. ఏడాదిలోగా వాడని హక్కు తిరిగి అతనికే పోతుంది కాబట్టి, అలా పోదన్న వాక్యం కూడా చేర్పించండి.