కొబ్బరిచెట్టు మీద పడ్డ పిడుగు ఎవరి పేరున వచ్చింది?

(పాఠకుల ప్రశ్నలకు చిలకలగూడ నుంచి ఒక రిటైర్డ్ వాతావరణ పరిశీలకుడి జవాబులు)

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మే నెలలో ఒక సాయంత్రం మా పెరట్లో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. మొవ్వు మాడిపోయింది. టీవీ, ఫ్రిజ్, బోరు మోటారు స్టార్టర్ కాలిపోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. మా మరిది వేరే కులం అమ్మాయిని చేసుకుని ఇంటికి తెచ్చి అప్పటికి నలభై రోజులు. "అమ్మవారు చెప్పాల్సింది చెప్పింది, ఆ పిల్ల కాలు పెట్టినందుకే ఇది" అని మా చిన్నత్తగారు తేల్చేశారు. శాంతి చేయించాలని, పాతిక వేలు అవుతుందని ఒకాయన చెప్పి వెళ్లాడు. మా తోటికోడలు ఆ రోజు నుంచి పెరట్లోకి రావడమే మానేసింది. పిడుగుల్లో, వరదల్లో దైవసందేశం ఉంటుందా? దయచేసి పేరు వేయకండి.

జవాబు: వేయడం లేదమ్మా.

నేను ముప్పై నాలుగేళ్లు బేగంపేటలో వాననీ గాలినీ కొలిచే ఉద్యోగం చేశాను. పొద్దున ఎనిమిదిన్నరకి వానమానిలో నీళ్లు కొలతగ్లాసులో పోసి, వంగి, కన్ను గీతకి సమానంగా పెట్టి చదివి రిజిస్టర్లో ఎక్కించాలి. 2000 ఆగస్టు 24న నగరంలో 24 సెంటీమీటర్లు కురిసింది చూడండి, ఆ రోజు గ్లాసు నింపడం, పారబోయడం, మళ్లీ నింపడం. లెక్క తప్పుతానేమోనని పక్కన పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను. ఉరుము వినిపిస్తే ఎన్ని గంటలకు, ఏ దిక్కున అని రాయాలి. ఎందుకు ఉరిమిందో రాయడానికి ఆ రిజిస్టర్లో గడి ఉండేది కాదు. మీ చిన్నత్తగారు ఆ గడి గీసి, నింపి, సంతకం కూడా పెట్టేశారు.

ముందు చెట్టు సంగతి చూద్దాం. ఎండాకాలం చివర్లో నిలువుగా లేచే మబ్బుల్లో మంచు పలుకులూ, వడగళ్ల గింజలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడికి మబ్బు అడుగున రుణ విద్యుత్తు పోగవుతుంది. అది పట్టలేనంత అయినప్పుడు మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. నేల దగ్గరపడేసరికి ఇక్కడ ఎత్తుగా, మొనదేలి ఉన్నవాటి కొసల నుంచి కూడా సన్నటి పాయలు పైకి లేస్తాయి. ఏ పాయ ముందు అందితే అక్కడ పడుతుంది. ఆఖరి నూరు మీటర్ల దాకా ఎక్కడ పడేదీ తేలదు. మీ కొబ్బరి మీ డాబా కన్నా ఎత్తుగానే ఉండి ఉంటుంది. పిడుగు దారిలో గాలి 30 వేల డిగ్రీల దాకా వేడెక్కుతుంది, సూర్యుడి పైపొర కన్నా ఐదు రెట్లు. చెట్టులోని నీరు రెప్పపాటులో ఆవిరైపోతుంది. కరెంటు తీగ మీదుగా, కేబుల్ తీగ మీదుగా మిగిలిన దెబ్బ ఇంట్లోకి వచ్చింది. మీ తోటికోడలు ఆ ఇంటికి వచ్చి నలభై రోజులని రాశారు. కొబ్బరిచెట్టు వచ్చి ఎన్నేళ్లో రాయలేదు.

గుళ్లూ మసీదులూ కూడా దీనికి మినహాయింపు కాదు. మన చార్మినార్ పై అంతస్తులో మసీదు ఉంది. అయినా మొఘలుల ఏలుబడిలో నైరుతి మినారు మీద పిడుగు పడి ముక్కలైంది, వెంటనే 60 వేల రూపాయలు పెట్టి బాగుచేయించారు. యూరప్‌లో ఉరుములొస్తే చర్చి గంటలు మోగించేవారు, ఆ మోతకి పిడుగు బెదిరి పోతుందని. ఊళ్లో అందరికన్నా ఎత్తైన గోపురంలో, తడిసిన తాడు పట్టుకుని నిలబడ్డ గంట కొట్టేవాడే ముందు పోయేవాడు. అలా పోయినవాళ్లు వందకు పైనే అని పద్దెనిమిదో శతాబ్దంలోనే జర్మనీలో లెక్క కట్టి అచ్చేశారు. ఆ రోజుల్లోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇనుప కడ్డీ కనిపెట్టి చెబితే, దేవుడి చేతికి అడ్డు పెడతావా అని కొందరు మతగురువులు దాని మీదే విరుచుకుపడ్డారు. హిమాచల్‌లో కులూ దగ్గర బిజిలీ మహాదేవ్ గుడి ఉంది. అక్కడ లింగం మీద పిడుగు పడుతుందని, పగిలిన ముక్కల్ని పూజారి వెన్నతో అతికిస్తాడని నమ్మకం. అక్కడి భక్తులకు అది స్వామి లోకం మీది కీడు తన మీద వేసుకోవడం. అదే పిడుగు మల్కాజిగిరిలో పడితే కొత్త కోడలి తప్పయింది.

ఇప్పుడు మీ ప్రశ్నకి అసలు దగ్గరైన సంగతి. 1934 జనవరి 15న బీహార్‌లో, నేపాల్‌లో పెద్ద భూకంపం వచ్చింది. వేలమంది పోయారు. గాంధీగారు అప్పుడు హరిజన యాత్రలో దక్షిణాదిన తిరుగుతున్నారు. అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అన్నారాయన, తిరునల్వేలిలో. రవీంద్రనాథ్ ఠాగూర్‌కి ఆ మాట గుచ్చుకుంది. అంటరానితనం మీద ఇద్దరిదీ ఒకే మాట. అయినా భౌతిక కారణాలతో వచ్చిన విపత్తుకి మనుషుల నీతిని ముడిపెట్టడం తగదని రాశారు. ఇలాంటి వాదన గాంధీగారి కన్నా ఆయన ప్రత్యర్థులకే బాగా నప్పుతుందని, ఈ ఉపద్రవం గాంధీ వల్లే వచ్చిందని వాళ్లంటే తనకేం ఆశ్చర్యం ఉండేది కాదని కూడా అన్నారు. గాంధీగారు ఆ లేఖను తన 'హరిజన్' పత్రికలోనే వేసి, పక్కన తన జవాబు వేశారు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

చూశారా అమ్మా? కులం పేరుతో మనిషిని దూరం పెట్టినందుకు భూమి కదిలిందని ఆయన. కులం చూడకుండా మనిషిని దగ్గరికి తీసినందుకు పిడుగు పడిందని మీ చిన్నత్తగారు. గాంధీగారంటే నాకు ప్రాణం, అయినా ఈ ఒక్క విషయంలో ఠాగూర్ పక్షాన నిలబడతాను. సందేశం వచ్చిందన్నవాళ్లంతా అది ఎవరి పేరున వచ్చిందో కవరు విప్పకముందే తేల్చుకుని ఉంటారు. ఆ కవరు మీద తమ పేరు చూసుకున్నవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణి చూడలేదు. పెద్దకొడుకు అమ్మ మందులకి డబ్బు పంపనందుకు పిడుగు పడిందని ఎవరైనా అన్నారా? ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్లూ, నోరు లేనివాళ్లే.

అసలు పిడుగులకు ఎవరు పోతున్నారో చూడండి. మన దేశంలో ఏటా రెండు వేలమందికి పైగా. నాట్లు వేసేవాళ్లు, గొర్లు కాసేవాళ్లు, వానకి చెట్టు కిందికి చేరినవాళ్లు. చెట్టు మొదట్లోంచి విద్యుత్తు నేలలో నలువైపులా పాకుతుంది. ముందుకాళ్లకీ వెనక్కాళ్లకీ ఎడం ఎక్కువ కనుక పశువులకి దెబ్బ మరీ ఎక్కువ. 2016 ఆగస్టులో నార్వేలో ఒక కొండ మీద పిడుగులకి 323 రెయిన్‌డీర్లు ఒకేచోట పడిపోయాయి. వాటిలో ఏది ఎవర్ని చేసుకుందో!

మరి మీకు దేవుడి మీద నమ్మకం లేదా అని అడుగుతారు, చాలా ఉత్తరాల్లో అడిగారు కూడా. ఉంది. ఆషాఢంలో మా ఆవిడ బోనం ఎత్తుకుంటే లష్కర్ మహంకాళి గుడి దాకా పక్కన నడుస్తాను. 1813లో ఇక్కడ మహమ్మారి ప్రబలినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనికుడు సురిటి అప్పయ్య, ఊరు చల్లబడితే గుడి కడతానని మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించాడనీ కథ. ఆ కథలో నాకు నచ్చేది ఒకటుంది. జబ్బు ఎవరి పాపం వల్ల వచ్చిందని అందులో ఎవరూ అడగరు. మర్నాడు రంగం అనే వేడుకలో పచ్చికుండ మీద నిలబడిన ఆవిడ నోట అమ్మ భవిష్యవాణి చెబుతుంది, వానలు బాగా పడతాయని చాలాసార్లు విన్నాను. మా శాఖ అంచనాలతో పోల్చి చూశారా అని మాత్రం అడగకండి. పింఛను తింటున్నవాణ్ణి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ నగరాన్ని తుడిచిపెట్టింది. వేలమంది పోయారు. నది ఆగ్రహించిందంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఒడ్డుకు వెళ్లి చీర, పసుపుకుంకుమలు, ముత్యాలు సమర్పించాడని పాతబస్తీలో ఇప్పటికీ చెబుతారు. చేస్తే చేశాడు, బాధలో ఉన్న జనానికి రాజు అలా కనిపించడం మంచిదే. కానీ అక్కడితో ఊరుకోకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. నీళ్లని పైనే ఆపాలని ఆయన చెప్పారు. గండిపేట జలాశయం 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. చీరా పెట్టారు, కట్టా కట్టారు. మూసీకి నేరస్తుణ్ణి మాత్రం వెతకలేదు. ఆ వరదలో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఉంది, వీలైతే మీ తోటికోడల్ని తీసుకెళ్లి చూపించండి. ఉరుముల్లో మాత్రం దాని కింద నిలబడకండి. వరదలో ప్రాణం పోసిన చెట్టే పిడుగులో ప్రాణం తీస్తుంది, మంచిదీ చెడ్డదీ కావడం చెట్టులో లేదు.

నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన ఏడాది, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన. పది వేలకు పైగా మనుషులు. ఆ వారం మా గదిలో ఒకాయన టీ తాగుతూ "ఏం పాపం చేసుకున్నారో" అన్నాడు. ఎదురుగా కూర్చున్న సీనియర్ ఒకాయన కప్పు కింద పెట్టేసి బయటికి వెళ్లిపోయాడు. ఆయన చుట్టాలు అవనిగడ్డ వైపు అని తర్వాత తెలిసింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ మీద నేరుగా వచ్చి పడింది. ఆంధ్రలో పోయినవాళ్లు వందలోపే. అంతకు ముందే ఉపగ్రహాలు చూశాయి, హెచ్చరిక ఊరూరికీ చేరింది, లక్షలమందిని తరలించారు. ఆ ముప్పై ఏడేళ్లలో పాపాలు తగ్గాయని నాకేం అనిపించడం లేదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు కురిసి, చెరువులు తెగి, కాలనీలు మునిగాయి. చెరువు అడుగున ఉండే శిఖం భూముల్లో ప్లాట్లు వేసి అమ్మినవాళ్ల మీద మాత్రం ఒక్క మెరుపూ పడలేదు.

ఇక చేయాల్సినవి. కొబ్బరికి మొవ్వు ఒక్కటే, కొమ్మలు వేయదు. అది మాడితే చెట్టు పోయినట్టే. ఎండి కూలకముందే కొట్టించేయండి. ఎర్తింగ్ ఎలా ఉందో తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చాలా ఇళ్లలో గొయ్యి ఉంటుంది, అందులో వేసిన ఉప్పు ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. వేసవిలో ఆ గొయ్యిలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్, అంటే ఉన్నట్టుండి ఎగిసిపడే కరెంటుని అడ్డుకునే పరికరం, పెట్టించండి. ఇవన్నీ పాతిక వేల లోపే అవుతాయి. ఉరుములు మొదలైతే ప్లగ్గులు తీసేయండి, కేబుల్ తీగ కూడా. మీ చిన్నత్తగారికి మనసు కుదుటపడాలంటే గుడిలో అర్చన చేయించండి, అందులో తప్పేముంది. ఆ అర్చనకి తోటికోడలి పేరూ గోత్రమూ కూడా చెప్పించండి, పూజారిగారికి వినిపించేలా.

ప్రశ్న: ఉరిమితే మా నాయనమ్మ "అర్జునా ఫల్గుణా" అనమంటుంది. ఏమైనా పనిచేస్తుందా? (ఇంటర్ విద్యార్థి, ఉప్పల్)

జవాబు: పనిచేస్తుంది బాబూ, గడియారంలాగా. పిడుగు ఇంద్రుడి వజ్రాయుధం, అర్జునుడు ఇంద్రుడి కొడుకు, కొడుకు పేరు వింటే తండ్రి వదిలేస్తాడని పెద్దల లెక్క. నా లెక్క వేరు. మెరుపు కనపడగానే మొదలుపెట్టి "అర్జునః ఫల్గుణః పార్థః కిరీటీ శ్వేతవాహనః, బీభత్సుర్విజయః కృష్ణః సవ్యసాచీ ధనంజయః" అని నిదానంగా చదివితే తొమ్మిది పది సెకన్లు. శబ్దం కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు. ధనంజయుడి దాకా వచ్చాక ఉరిమితే పిడుగు మూడు కిలోమీటర్ల అవతల పడింది. శ్వేతవాహనుడి దగ్గరే ఉరిమితే అందులో సగం దూరం. మూడైనా దగ్గరే, ఉరుము చెవిన పడిందంటేనే నువ్వు దాని పరిధిలో ఉన్నావు, శ్లోకం ఇంట్లో కూర్చుని చదువుకో.

ప్రశ్న: పిడుగులప్పుడు సెల్‌ఫోన్ మాట్లాడితే పిడుగు పడుతుందా? (గృహిణి, రాంనగర్)

జవాబు: ఇంట్లో ఉండి మాట్లాడితే ఏమీ కాదు. చార్జింగ్‌కి పెట్టి మాట్లాడకండి, తీగ ఉన్న ఫోను ముట్టుకోకండి. మీరు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆరేసిన బట్టలు తీయడానికి మేడ ఎక్కుతారు చూడండి, భయం అక్కడ. బట్టలు తడిస్తే తడవనివ్వండి.